మా ఇంట్లో ఆగిపోయిన వాదన

మా నాన్నకు చర్ల దగ్గరి అడవి ఊరికి బదిలీ అయ్యేనాటికి నేనింకా పలక పట్టలేదు. ఆయన మధిర పక్కన, రైలు కూత వినపడే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. భద్రాచలం దాటాక అంత దూరం అడవిలో ఊళ్ళు ఉంటాయనీ, ఆ ఊళ్ళకు బడులుంటాయనీ ఆర్డరు చేతికొచ్చేదాకా ఆయనకు తెలియదట. ఆ మాట ఆయనే చెప్పి నవ్వేవాడు. బడి అంటే మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఒకే ఒక్క గది. పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళు, బడిలో తెలుగు చదివేవాళ్ళు. మొదటి ఏడాది పిల్లలకంటే పంతులే ఎక్కువ నేర్చుకున్నాడని మా అమ్మ ఎగతాళి చేసేది.

అమ్మ పుట్టిల్లు ఖమ్మానికి పైన. నాన్న "వచ్చాడు" అంటే అమ్మ "వచ్చిండు" అనేది. ఆయన "ఏంటి" అంటే ఆమె "ఏంది" అనేది. నాకూ అన్నకూ రెండూ వచ్చేవి. ఎవరితో పని పడితే వాళ్ళ మాట మాట్లాడేవాళ్ళం.

సాయంత్రం బడి వదిలాక ఆ ఊళ్ళో చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. రేడియోకి బ్యాటరీలు భద్రాచలం పోయినప్పుడే కొనుక్కోవాలి కాబట్టి దాన్ని వార్తలకు తప్ప పెట్టనిచ్చేవాడు కాదు నాన్న. అందుకని మాకోసం ఒక ఆట పెట్టాడు. పొద్దు వాలే వేళకు అరుగు మీద కూర్చోబెట్టి ఒక విషయం ఇచ్చేవాడు. అన్న ఒక పక్క, నేను ఒక పక్క. ముందు నీ మాటేంటో చెప్పాలి. తర్వాత ఎందుకో చెప్పాలి. ఆ తర్వాత అవతలివాడు ఏమంటాడో అది కూడా నువ్వే చెప్పాలి, వాడికంటే బాగా చెప్పాలి. అప్పుడుగానీ దానికి జవాబు చెప్పకూడదు. అవతలివాడి మాట సరిగ్గా చెప్పలేకపోతే ఓడిపోయినట్టే. మర్నాడు అదే విషయం మీద పక్షాలు మారేవి. నిన్న తిట్టినదాన్ని ఇవాళ పొగడాలి.

అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. వాడికి మాట పుట్టుకతోనే వచ్చినట్టుండేది. ఇప్పపూలు ఏరుకునే హక్కు చెట్టు ఎవరి చేలో ఉంటే వాళ్ళదా, పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళదా అని ఒకసారి నాన్న అడిగాడు. ముందొచ్చినవాళ్ళదేనని నేనన్నాను. అందరికంటే ముందు ఎలుగుబంటి వస్తుంది కాబట్టి నీ లెక్కన పూలన్నీ దానివే, మనం ఏరుకుంటే దొంగతనమే అన్నాడు అన్న. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు పక్షాలు మారాక ఎలుగుబంటి తరఫున వాడే మాట్లాడాడు. పక్కింటి కోయ పెద్దాయన అది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పెద్దాయనకు ఎడ్లబండి ఉండేది. మా బియ్యం, కిరోసిన్ తెచ్చిపెట్టేది ఆయనే. మా అన్నను లాయరుసాబ్ అని పిలిచేవాడు.

అమ్మ వంటింట్లోంచే ఆట వినేది. వినీ వినీ ఒకరోజు నాన్న చెప్పినదానికి "కాదు" అనేసింది. ముందు అవతలివాళ్ళ మాట చెప్పి, ఆ తర్వాత కాదనాలని నాన్న ఆటలోని పద్ధతి గుర్తుచేశాడు. "మీ మాట మీరే చెప్పిన్రు గద, మళ్ళ నేనెందుకు చెప్పాలె" అంది అమ్మ. మేం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత అమ్మ కూడా ఆటలోకి వచ్చింది గానీ పద్ధతి మాత్రం ఆమెకు చివరిదాకా పట్టుబడలేదు. "కాదు" ముందు వచ్చేది, కారణం తర్వాత ఎప్పుడో కూర తిరగేస్తూ గుర్తొచ్చి చెప్పేది. కొన్నిసార్లు మర్నాడు చెప్పేది. అప్పటికి మేమా విషయమే మర్చిపోయి ఉండేవాళ్ళం.

అన్న భద్రాచలంలో హాస్టల్లో ఉండి పదో తరగతిలోకి వచ్చిన ఏడాది వానలు ముందే వచ్చాయి. సెలవులకు ఇంటికొచ్చినవాడు జ్వరంతో పడుకున్నాడు. ఆ ప్రాంతంలో వానాకాలం జ్వరం రావడం కొత్త కాదు. చేదు మాత్రలు వేసుకుని, దుప్పటి కప్పుకుని, రెండు మూడు సార్లు వణికి లేచి తిరిగేవాళ్ళే అందరూ. కానీ వాడు లేవలేదు. చర్ల నుంచి ఆరెంపీ డాక్టరు సైకిలు మీద వచ్చి చూశాడు. నాలుక చూసి, పొట్ట నొక్కి, ఇది టైఫాయిడ్ అన్నాడు. సూది వేశాడు. కదిలించొద్దు, కుదుపులు తగిలితే పేగులకు ప్రమాదం, గంజి మాత్రమే పట్టండి అని చెప్పి వెళ్ళాడు. మంచివాడే. వానలో అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు.

సూది పడ్డాక మర్నాటికి జ్వరం తగ్గింది. నాన్న మొహంలో వెలుగు వచ్చింది. అమ్మ మాత్రం అన్న మంచం పక్కనుంచి లేవలేదు. ఆ పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. అమ్మ నాన్నను అడక్కుండానే పెద్దాయన దగ్గరికి వెళ్ళి బండి కట్టమంది. అన్న బట్టలు సంచిలో పెట్టింది. భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకపోదామని నాన్నతో చెప్పింది.

వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. నాన్న తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. టైఫాయిడ్ అయితే కదిలించకూడదు. జ్వరం తగ్గింది, అంటే మందు పనిచేస్తున్నట్టే. పోయినేడు పై ఊరి పిల్లవాణ్ణి ఇలాగే వానలో బండి మీద తీసుకెళితే దారిలోనే పోయాడు. భద్రాచలం దారిలోని వాగు ఇప్పుడు దాటగలిగినా తిరిగి రాలేం. అమ్మ ఒక్కొక్కదానికి కాదంటూ వచ్చింది. జ్వరం ఇంతకుముందు కూడా తగ్గి మళ్ళీ వచ్చింది. వణుకు వస్తోంది. వాగు ఇవాళ దాటగలం, రేపు దాటలేం. ఆరెంపీ రక్తం తీసి చూడలేదు. ఇవన్నీ అన్నాక ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచింది. మాట కోసం వెతుక్కుంటున్నట్టు అన్న వైపు చూసింది.

నాన్న చెయ్యెత్తాడు.

"ఇంక చాలు. డాక్టరు చెప్పాడు. దీని మీద ఇంక మాట లేదు."

ఆయన మాలో ఎవరితోనూ అంతకుముందు అలా మాట్లాడలేదు. భయపడ్డాడని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు కోపమే అనుకున్నాను. అమ్మ సంచి కింద పెట్టింది. బయట పెద్దాయన కాసేపు చూసి, ఎడ్లను విప్పి చెట్టుకింద కట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అన్నకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నాన్నే పరుగెత్తి బండి కట్టించాడు. టార్పాలిన్ కప్పుకుని వానలో బయల్దేరాం. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు గట్టు తాకుతూ పోతున్నాయి. అవతల గట్టు మీద ఎవరో మనుషులు రావద్దని చేతులూపుతున్నారు. నాన్న బండి దిగి, నీళ్ళు ఎప్పటికి తీస్తాయని అక్కడున్న ప్రతి మనిషినీ అడిగాడు. అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగాడు. పెద్దాయన ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. అన్న తల అమ్మ ఒళ్ళో ఉంది. చీకటి పడకముందే ఆ ఒళ్ళోనే పోయాడు. వాగు మాత్రం రెండు రోజులు తీయలేదు.

నాన్న బదిలీ పెట్టుకున్నాడు. ఖమ్మం వచ్చేశాం. కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు గదికి అరుగు లాంటిదే ఉండేది గానీ సాయంత్రం ఎవరం అక్కడ కూర్చునేవాళ్ళం కాదు. ఆ ఆట మాట ఎవరూ ఎత్తలేదు.

మా ఇంట్లో అప్పటినుంచి అందరూ కాదనడం మానేశారు. దాన్ని బయటివాళ్ళు చూస్తే ఎంత సామరస్యం అనుకునేవాళ్ళు. ఏం కూర అని నాన్న అడిగితే అమ్మ "మీ ఇష్టం" అనేది. ఊరికి పోదామా అంటే "మీ ఇష్టం". నన్ను ఏ కాలేజీలో చేర్పిద్దామంటే కూడా "మీ ఇష్టం". ఆ మాటలో కోపం ఉండేది కాదు. కోపం ఉన్నా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నాన్న కొన్నిసార్లు కావాలని తప్పు మాట ఒకటి అనేవాడు. గోదారి పడమర నుంచి వస్తుందా, తూర్పు నుంచి వస్తుందా అని మర్చిపోయినట్టు నటించేవాడు. అమ్మ కాదంటుందేమోనని చూసేవాడు. అమ్మ తలూపి లోపలికి వెళ్ళిపోయేది.

స్కూల్లో వక్తృత్వ పోటీలకు నా పేరు ఇస్తే నేను కొట్టేయించుకునేదాన్ని. లెక్కల్లోకి పారిపోయాను. లెక్కలో జవాబు వచ్చాక ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. లెక్కల్లోంచి కంప్యూటర్లలోకి వెళ్ళాను. హైదరాబాదులో పీజీ చేసి, తొంభైల్లో అక్కడే ఒక పరిశోధన ల్యాబ్‌లో చేరాను. ఇప్పుడందరూ కృత్రిమ మేధ అంటున్నారు. అప్పుడు మేం ఇంగ్లీషు మాటే వాడేవాళ్ళం, అదీ కొంచెం సిగ్గుపడుతూ. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ చేసి ఉండలేదు గదా.

మా ప్రొఫెసరు గారు మొదటి రోజే నాకొక చిక్కు చెప్పారు. పాత తర్కంలో ఒకసారి రుజువైన మాట రుజువైనట్టే. కొత్త సంగతులు ఎన్ని చేరినా పాత రుజువు చెదరదు. కానీ మనుషులు అలా ఆలోచించరు. మామూలుగా ఇలాగే జరుగుతుందిలే అనుకుంటారు, కొత్త సంగతి తెలిస్తే వెనక్కి తీసుకుంటారు. మిషన్‌కు వెనక్కి తీసుకోవడం ఎలా నేర్పాలి? దానికి దారి వాదనేనని కొందరు అంటున్నారన్నారు. ప్రతి నిర్ణయాన్నీ ఒక వాదనగా రాసుకోవాలి. ఏ వాదన ఏ వాదనను కొడుతుందో గీతలు గీసుకోవాలి. తనను కొట్టినవన్నీ పడిపోతేనే ఒక వాదన నిలబడినట్టు. అర్థమైతే ఒక ఉదాహరణ చెప్పమన్నారు.

నేను ఆలోచించకుండానే చెప్పాను. చర్ల బస్సు రోజూ వస్తుంది కాబట్టి ఇవాళా వస్తుంది, ఇది ఒక వాదన. వాగు పొంగింది కాబట్టి రాదు, ఇది దాన్ని కొట్టే వాదన. వాగు మీద ఇప్పుడు వంతెన కట్టారు, ఇది రెండోదాన్ని కొడుతుంది. అప్పుడు మొదటిది మళ్ళీ లేచి నిలబడుతుంది. ప్రొఫెసరు గారికి అది నచ్చింది. ఆ తర్వాత చాలాకాలం తన క్లాసుల్లో ఆ బస్సునే వాడుకున్నారు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను బయటికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చేదాన్ని.

మాకొచ్చిన ప్రాజెక్టు జ్వరాల గురించి. డాక్టర్లు లేని పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు సలహా చెప్పే ప్రోగ్రాం రాయాలి. రోగి సంగతులు ఎక్కిస్తే, ఇది ఫలానా జ్వరం అనడానికి కారణాలు, కాదనడానికి కారణాలు ఎదురెదురుగా పెట్టి, ఏది నిలబడిందో చెప్పాలి. దానికోసం డాక్టర్ల దగ్గర కూర్చుని వాళ్ళెలా ఆలోచిస్తారో రాసుకునేదాన్ని. డాక్టర్లు జబ్బు పేరు చటుక్కున చెప్పేవాళ్ళు గానీ, ఎందుకు కాదో చెప్పమంటే విసుక్కునేవాళ్ళు. నేను వదిలేదాన్ని కాదు. ఈ ప్రాజెక్టు నాకెందుకంత ముఖ్యమో ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. కంప్యూటరు పని అని మాత్రం చెప్పాను.

నాన్న రిటైరయ్యాక ఒకసారి పింఛను పనిమీద హైదరాబాదు వచ్చాడు. నేను చేసే పని చూస్తానన్నాడు. ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. ఏసీ గది కాబట్టి చెప్పులు బయట విడిచి, చలికి తువ్వాలు భుజాల మీద కప్పుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు. నేను ఒక రోగి సంగతులు కొట్టి చూపించాను. ఒక పక్క అవుననే కారణాలు, ఒక పక్క కాదనే కారణాలు వచ్చాయి. వాటికింద తీర్పు వచ్చింది. నాన్న దగ్గరికి వంగి చదివాడు. ఇంగ్లీషు ఆయనకు మెల్లగా వస్తుంది.

"ఇది మన ఆటే కదమ్మా" అన్నాడు.

అవునన్నాను. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ ఆట మాట రావడం అదే మొదటిసారి. తర్వాత ఆయన గొంతు తగ్గించి, గదిలో ఇంకెవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి, అన్న సంగతి ఇందులో పెట్టమని అడిగాడు.

వద్దు నాన్నా అన్నాను. పెట్టమన్నాడు. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను, ఆయన చెప్పుకుంటూ పోయాడు. ముందు తన పక్షం చెప్పాడు. అది తొందరగా అయిపోయింది. టైఫాయిడ్ అన్నారు, జ్వరం తగ్గింది, దారి మంచిది కాదు, అంతే. తర్వాత అమ్మ పక్షం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పొద్దున అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అన్న ప్రతి మాటా ఆయన దగ్గర ఉంది. ఏ మాట తర్వాత ఏ మాట అందో కూడా ఉంది. అమ్మ అరకొరగా అన్నవాటిని ఆయన పూర్తి చేసి, బలమైన కారణాలు జతచేసి, తన ఆట పద్ధతిలో ఆమెకంటే బాగా చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆయన లోపల ఆ పక్షమే వాదిస్తూ ఉన్నాడని నాకప్పుడు తెలిసింది. కొడుతుంటే తప్పులు పడ్డాయి. చెరిపి మళ్ళీ కొట్టాను.

తీర్పు రాలేదు. టైఫాయిడ్ అనే వాదనా నిలబడలేదు, మెదడుకెక్కిన మలేరియా అనే వాదనా నిలబడలేదు. ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. తేలాలంటే ఇంకా ఏం కావాలో కింద వచ్చింది. రక్తపరీక్ష. రోగికి తెలివి ఎలా ఉంది, జ్వరం తగ్గినప్పుడు మాటా మనసూ సరిగ్గా ఉన్నాయా. నాన్నకు తెలుగులో చదివి చెప్పాను.

"అంటే నన్ను పట్టుకోనూ లేదు, వదిలిపెట్టనూ లేదు" అన్నాడు.

ఆయనకు శిక్ష కావాలి. అది మిషన్ ఇస్తే అమ్మను అడగాల్సిన పని తప్పుతుందనుకున్నాడు. రక్తపరీక్ష ఇక ఎప్పటికీ జరగదు. తెలివి సంగతి తనకు తెలియదన్నాడు, ఆ పొద్దున పిల్లవాడి దగ్గర తను కూర్చోలేదన్నాడు. నాకూ తెలియదు. నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు.

నేనూ ఆయనతోపాటు ఖమ్మం వెళ్ళాను. రైల్లో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి పోయాక అమ్మకు ఏం చెప్పాలా అని నేను కంగారు పడుతున్నాను. నాన్న నాకా శ్రమ ఇవ్వలేదు. మర్నాడు పొద్దున అమ్మ పెరట్లో కూర్చుని గోంగూర తుంచుతుంటే వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ల్యాబ్‌లో జరిగింది మొత్తం చెప్పాడు. మిషన్ ఏమందో చెప్పాడు. అమ్మ గోంగూర తుంచడం ఆపలేదు. నా దిక్కున ఏం చెప్పిన్రు అని మాత్రం అడిగింది. ఆయన మొదటినుంచీ చెప్పాడు. ల్యాబ్‌లో చెప్పినట్టే, ఒక్క మాట పోకుండా.

అమ్మ చివరిదాకా విన్నది. కాడలు ఒక పక్కకు నెట్టింది.

"ఒకటి చెప్పలే" అంది.

ఏంటని అడిగాడు నాన్న.

"నన్ను చెప్పనియ్యలే గద, మీకెట్ల తెలుస్తది. ఆ పొద్దుగాల నేను వాణ్ణి గంజి తాగుతవా బిడ్డా అని అడిగిన. అవ్ అన్నడు. వద్దా మరి అన్న. అవ్ అన్నడు. ఎలుగుబంటి సంగతి తీసిన, పూలు నీయా దానియా అని. దానికి గూడ అవ్ అన్నడు. వాడు పుట్టినకాడికెల్లి నా మాటకు ఒక్కసారన్న అవ్ అన్నడా? ఒళ్ళు సల్లగనే ఉన్నది. వాడు మాత్రం లోపల లేడు. అది మీకెట్ల చెప్పాలెనో నాకు తెల్వలే. మాట ఎతుక్కుంటుంటే మీరు చెయ్యెత్తిన్రు."

నాన్న నా వైపు చూశాడు. కొత్త సంగతి చేరితే ఏమవుతుందో ఆయనకు నిన్ననే చూపించాను. జ్వరం తగ్గినా తెలివి లేదంటే, మందు పనిచేస్తోందన్న మాట పడిపోతుంది. అది పడితే కదిలించొద్దన్న మాటా పడుతుంది. తీసుకపోదామన్న అమ్మ మాట ఒకటే నిలబడుతుంది. దానికి మిషన్ దాకా పోనక్కర్లేదు.

"తేలింది కదమ్మా" అని నన్ను అడిగాడు.

అమ్మే చెప్పింది. తీసుకపోతే బతికేటోడని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదంది. భద్రాచలంలో కూడా పిల్లలు పోయారంది. "నేను ఓడిపోయిన అని బాధ పడలే. మీ మాటే నిజమైతే నేను ఒప్పుకుందును. నన్ను మొత్తం చెప్పనియ్యకుంట ఆపిన్రు. అది ఒక్కటే." ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని నాన్న అడిగాడు. మీరు అడగలే గదా అంది.

అప్పుడాయన ఏడ్చాడు. వాగు దగ్గర కూడా ఏడవని మనిషి. అమ్మ ఆయన్ను ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. కాసేపయ్యాక ఆయన కళ్ళు తుడుచుకుని, మొదటినుంచీ చెప్పమన్నాడు. జ్వరం వచ్చిన రోజు నుంచి, తనకు తెలియనివన్నీ. అమ్మ చెప్పింది. మధ్యాహ్నం దాకా చెప్పింది. ఆ రోజు వంట నేనే చేశాను. గోంగూర వాడిపోయింది.

ఆ తర్వాత అంతా బాగుపడిందని చెప్పలేను. మొదటి కొన్ని నెలలు మా ఇల్లు మునుపటికంటే కష్టంగా ఉంది. అమ్మలో అన్నాళ్ళు ఆగిపోయిన కోపం ఒక్కసారి కదిలింది. బియ్యం దగ్గర, కరెంటు బిల్లు దగ్గర, చుట్టాల పెళ్ళి దగ్గర అన్నింటికీ కాదనేది. కారణం ముందే చెప్పడం కూడా నేర్చుకుంది. నేను సెలవులకు వెళితే ఇద్దరూ విడివిడిగా నాకు ఫిర్యాదు చేసేవాళ్ళు. నాన్న మాత్రం ఒక్కసారి కూడా ఆమె మాటకు అడ్డు రాలేదు. ఆమె ఆగాక, ఇంకా ఏమైనా ఉందా అని అడిగేవాడు. ఉంటే చెప్పేది. ఆ ప్రశ్న ఆయన ఎంత నెమ్మదిగా అడిగేవాడో చూస్తే నాకు అక్కడ కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

నేను ల్యాబ్‌కు తిరిగి వెళ్ళాక ప్రోగ్రాంలో ఒక మార్పు చేశాను. తీర్పు చూపించే ముందు అది ఆగి, రోగితో ఉన్న మనిషి ఇంకా చెప్పాల్సింది ఉందా అని అడుగుతుంది. ఆ మనిషి డాక్టరు కానక్కర్లేదు. మాటలు సరిగ్గా లేకపోయినా, కారణం తెలియకపోయినా, "ఎప్పుడూ ఇట్లా ఉండడు" అన్నంత చిన్న మాటైనా దాన్ని ఒక వాదనగా తీసుకుని పక్కన పెడుతుంది. దాన్ని కొట్టేది ఏదీ లేకపోతే నిలబెడుతుంది. ప్రొఫెసరు గారు ఇది సిద్ధాంతంలో లేదే, ఎక్కడినుంచి తెచ్చావని అడిగారు. అప్పుడాయనకు అన్న సంగతి చెప్పాను. బస్సు ఉదాహరణను ఆయన ఆ తర్వాత వాడలేదు.

ఆ ప్రోగ్రాం ఏ పల్లెకూ చేరలేదు. రెండు చోట్ల డెమో ఇచ్చాం. తర్వాత డబ్బు ఆగిపోయింది, మిషన్లు మారిపోయాయి. నేను కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి వెళ్ళాను. వాదనల మీద సిద్ధాంతం మాత్రం పెరుగుతూనే ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో దానిమీద రాస్తున్నారు. వాళ్ళ గీతలూ బాణాలూ ఎప్పుడైనా చూస్తుంటాను. అందులో ఎవరూ చెయ్యెత్తరు. ప్రతి వాదనా చివరిదాకా అక్కడే ఉంటుంది, ఓడిపోయినది కూడా.

నాన్న తొంభైల దశకం ముగియకముందే పోయాడు, గుండెతో. పోవడానికి ఏడాది ముందు, అమ్మను ఆ ఊరికి ఒకసారి తీసుకెళ్ళమని నన్ను అడిగాడు. ముగ్గురం వెళ్ళాం. మధ్యలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర దింపి, ఎక్కడికి ఎందుకని అడిగారు. పంతులుగా పనిచేసిన ఊరని నాన్న చెప్పాడు. పెద్దాయన లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. మా బడి పెంకుటిల్లయింది. వాగు ఎండిపోయి ఇసుక మేట వేసి ఉంది. అమ్మ ఆ ఇసుకలో నిలబడి, బండి ఆపింది ఇక్కడ కాదు, ఇంకొంచెం పైన అంది. నాన్న ఇక్కడేనన్నాడు. కాదంది అమ్మ. రాయి గుర్తు చెప్పింది, చెట్టు గుర్తు చెప్పింది. నాన్న చెట్టు పడిపోయి ఉండొచ్చన్నాడు. ఎండలో నిలబడి ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను కొంచెం దూరంలో కూర్చున్నాను. బండి ఎక్కడ ఆగిందో చివరికి తేలలేదు. తెచ్చిన పూలు రెండు చోట్లా పెట్టి వచ్చాం.